బడ్జెట్ ఆర్‌సీ బగ్గీ: ట్రాక్ మీద మలుపు తిరగాలంటే ముందు ఏం మార్చాలి?

బత్తాయి తోట, నల్గొండ
నమస్తే అన్నలూ. నా దగ్గర రిమోట్‌తో నడిపే (ఆర్‌సీ) 1/14 స్కేల్ బగ్గీ ఉంది, అంటే అసలు బండిలో పద్నాలుగో వంతు. ఫోర్ వీల్ డ్రైవ్, 550 సైజు బ్రష్డ్ మోటార్, 7.4 వోల్టుల 2ఎస్ (రెండు సెల్‌ల) లైపో బ్యాటరీ. తోటలో పాడైపోయిన డ్రిప్ పైపులను అంచులుగా పరిచి చెల్క జాగలో ట్రాక్ చేసుకున్నాం. నేరుగా కొట్టినంతసేపు నా బండే ముందుంటుంది. మలుపు వచ్చిందంటే ముక్కు తిరగదు, నేరుగా పోయి పైపు ఎక్కుతుంది. గ్యాస్ కాస్త ఎక్కువ ఇస్తే గిర్రున వెనక్కి తిరిగిపోతుంది. చేతిలో ఐదు వేలున్నాయి. బ్రష్‌లు లేని (బ్రష్‌లెస్) మోటార్ వేయించమని మా తమ్ముడు ఒకటే పోరు. మీరైతే ఏం చేస్తారు?

పాలమూరు పినియన్
మోటార్ జోలికి ఇప్పుడే పోకు తమ్ముడూ. నేరుగా పోయేటప్పుడు ముందుంటున్నానని నువ్వే అంటున్నావు. అంటే వేగానికి కొదవ లేదు, నేల మీద పట్టే లేదు. మొదటి ఖర్చు టైర్ల మీద పెట్టు.

డబ్బాలో వచ్చే టైర్లు ఎక్కువగా గట్టి రబ్బరువి. త్వరగా అరగవు, అలాగే నేలనూ పట్టుకోవు. చెల్క నేలతో ఇంకో తిప్పలుంది. ముందురోజు సాయంత్రం నీళ్లు చల్లి చదును చేస్తే పొద్దున గట్టిగా ఉంటుంది. దానికి చిన్న బుడిపెలు దగ్గరదగ్గరగా ఉన్న మెత్తటి టైరు బాగుంటుంది. ఎండెక్కేసరికి పైన దుమ్ము పొర లేస్తుంది. అప్పుడు పొడవు ముళ్ల టైరైతే ఆ దుమ్మును దాటి కింది గట్టి నేలను అందుకుంటుంది. రెండు సెట్లు కొనలేకపోతే మొదటి రకమే తీసుకో, ట్రాక్‌కు నీళ్లు మాత్రం మానొద్దు. కొనేముందు నీ బండి చక్రం వెనక షట్కోణపు గుంట ఎంతుందో కొలువు. 12 మి.మీ. అయితే దొరికే రకాలు చాలా ఎక్కువ.

లోపల స్పాంజి లేకుండా టైరు ఎక్కించొద్దు, మలుపులో మడత పడిపోతుంది. రిమ్ము అంచునూ టైరు లోపలి అంచునూ స్పిరిట్‌తో తుడిచాకే జిగురు పెట్టు. కొత్త రబ్బరు మీద ఫ్యాక్టరీ జిడ్డు ఉంటుంది, దాని మీద ఏ జిగురూ నిలవదు.

ఫుల్ థ్రాటిల్, సూర్యాపేట
టైర్లు సరే. కానీ బ్రష్డ్ మోటార్ మీద డబ్బులు పెట్టడం దండగని నా లెక్క. బ్రష్‌లు అరుగుతాయి, అవి ఆనే కమ్యుటేటర్ (మోటార్‌లో తిరిగే రాగి భాగం) నల్లబడుతుంది, కొన్నాళ్లకు ఎలాగూ మార్చాల్సిందే. బ్రష్‌లెస్‌లో ఆ రాపిడి లేదు. అదే బ్యాటరీ మీద ఎక్కువసేపు నడుస్తుంది. 3300 కేవీ మోటార్, 3ఎస్ (11.1 వోల్టుల) బ్యాటరీ వేస్తే బండి ఎలా ఉరుకుతుందో ఒకసారి చూడాలి.

పాలమూరు పినియన్
ఉరుకుతుంది, కాదనను. 3300 కేవీ అంటే లోడు లేనప్పుడు వోల్టుకు నిమిషానికి 3300 తిరుగుళ్లు. 7.4 వోల్టుల మీద 24 వేల పైచిలుకు, 11.1 మీద 36 వేలు దాటుతుంది. అంటే వేగం ఒకటిన్నర రెట్లు. అతనికేమో ఇప్పుడున్న వేగానికే మలుపు తిరగడం లేదు! పైగా ఆ ఊపంతా డిఫ్ (డిఫరెన్షియల్)లోని చిన్న గేర్ల మీద, చక్రాలను తిప్పే డాగ్‌బోన్ కడ్డీల మీద పడుతుంది.

ఖర్చు కూడా మోటార్‌తో ఆగదు. ఈ ధరలో చాలా బండ్లకు రిసీవర్, ఈఎస్‌సీ (మోటార్ వేగాన్ని అదుపు చేసే సర్క్యూట్) ఒకే బోర్డు మీద ఉంటాయి. బ్రష్‌లెస్‌కు మారితే ఈఎస్‌సీ, రిసీవర్, రిమోట్ అన్నీ మారాలి. ఐదు వేలు ఎక్కడ సరిపోతాయి? సెన్సర్ లేని చవక బ్రష్‌లెస్ నెమ్మదిగా కదిలేటప్పుడు కుదుపులిస్తుంది. గట్టి మలుపు నుంచి బయటికొచ్చే చోటే ఆ కుదుపు తగులుతుంది.

ఫుల్ థ్రాటిల్, సూర్యాపేట
రోడ్డు మీద స్పీడ్ రన్‌కు నా మాటే కరెక్ట్ అన్నా. ట్రాక్‌కు మీది ఒప్పుకుంటా.

వైండింగ్ షాపు, దేవరకొండ
ఉన్న మోటార్‌తోనే ఇంకా చాలా రాబట్టొచ్చు. కొత్త బ్రష్డ్ మోటార్‌ను మొదట రెండు మూడు వోల్టుల మీద లోడు లేకుండా కాసేపు తిప్పాలి. బ్రష్ కొస కమ్యుటేటర్ వంపుకు తగ్గట్టు అరిగి పూర్తిగా ఆనుతుంది. ఆ తర్వాత గేరు పట్టు చూడండి. పినియన్‌కూ (మోటార్ మీది చిన్న గేరు), అది తిప్పే పెద్ద స్పర్ గేరుకూ మధ్య పల్చటి కాగితం ముక్క పెట్టి రెండింటినీ దగ్గరికి నొక్కి మోటార్ స్క్రూలు బిగించాలి. తర్వాత గేరు తిప్పి కాగితం బయటికి తీసేయండి. ఆ సందు చాలు. మరీ బిగుతుగా ఉంటే మోటార్ వేడెక్కుతుంది, వదులైతే పళ్లు రాలతాయి.

బేరింగులు కూడా చూసుకోండి. చక్రం విప్పి వేలితో తిప్పితే గరగర అనిపిస్తే ఇసుక చేరినట్టే. మన దగ్గర సన్నటి పలుగురాయి ఇసుక ఎక్కువ, అది ఉక్కును కూడా గీకుతుంది. రెండు పక్కలా రబ్బరు సీలు ఉన్నవి తీసుకోండి. లోహపు మూత ఉన్నవాటికంటే కాస్త బిగువుగా తిరుగుతాయి కానీ దుమ్ము ఆపుతాయి. మన ఊళ్ల బేరింగు షాపుల్లో ఇంత చిన్నవి దొరకడం కష్టం. లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం కొలిచి ఆ మూడు అంకెలతో ఆన్‌లైన్‌లో వెతికితే ఆర్‌సీ షాపు ధర కంటే తక్కువకే వస్తాయి. ఉదాహరణకు 5×11×4 సైజును బేరింగు వాళ్లు ఎంఆర్115 అంటారు.

మిల్లు కళ్లం, మిర్యాలగూడ
మేము వడ్లు ఆరబోసే సిమెంటు కళ్లం మీద నడుపుతాం, సీజన్ లేనప్పుడు. ఇక్కడ ముళ్ల టైర్లు వేస్తే బొంగరం తిరిగినట్టే. గీతలు తక్కువున్న మెత్తటి టైరు కావాలి. ప్రతి రౌండుకు ముందు తడిగుడ్డతో టైర్లు తుడిస్తే మొదటి నాలుగు మలుపుల్లోనే తేడా కనిపిస్తుంది. ఊకదుమ్ము అంత మొండిది.

కోటగల్లీ, అలంపూర్
మాది నల్లరేగడి. తడిస్తే చక్రాలకు ముద్ద కడుతుంది, ఎండితే పగుళ్లలో బండే కూరుకుపోతుంది. అందుకే స్కూలు బాస్కెట్‌బాల్ కోర్టు తప్ప మాకు దిక్కు లేదు.

బత్తాయి తోట, నల్గొండ
టైర్లు, బేరింగులు ఆర్డర్ పెట్టేశా. ఇంకో డౌట్. స్టీరింగ్ వదిలాక చక్రాలు ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు కాస్త వంకరగా ఆగుతున్నాయి. రిమోట్‌లో ట్రిమ్ (స్టీరింగ్‌ను నడుమకు తెచ్చే సర్దుబాటు) ఎంత సరిచేసినా అంతే. సర్వో (స్టీరింగ్ తిప్పే చిన్న మోటార్ పెట్టె) మార్చాలా? దాని నుంచి ఐదు వైర్లు వస్తున్నాయి.

పాలమూరు పినియన్
ఐదు వైర్లు అన్నావంటే ఆగు. మామూలు సర్వోకు మూడే వైర్లు: పాజిటివ్, నెగటివ్, సిగ్నల్. దాన్ని నడిపించే సర్క్యూట్ సర్వోలోనే ఉంటుంది. ఐదు వైర్ల దాంట్లో మోటార్, స్థానం చెప్పే చిన్న పాట్ మాత్రమే ఉండి, సర్క్యూట్ బోర్డు మీదుంటుంది. కాబట్టి మూడు వైర్ల మంచి సర్వో తెచ్చినా నీ బోర్డుకు తగిలించలేవు. రిసీవర్, ఈఎస్‌సీ విడివిడిగా పెట్టుకునే రోజున సర్వో మార్చు.

ఈలోపు వదులు తగ్గించు. చక్రాన్ని పట్టుకుని ఊపి, కదలిక ఎక్కడి నుంచి వస్తోందో చూడు. హబ్ దగ్గరా, స్టీరింగ్ లింకు దగ్గరా, సర్వో సేవర్ (దెబ్బ సర్వోకు తగలకుండా కాచే ముక్క) దగ్గరా? సన్నటి షిమ్ వాషర్లు వేస్తే చాలావరకు పోతుంది. మరీ బిగించొద్దు. షాక్ (షాక్ అబ్జార్బర్) విప్పి సస్పెన్షన్ ఆర్మ్‌ను పైకెత్తి వదిలితే దాని బరువుకు అదే కిందికి పడాలి. పడకపోతే ఎక్కడో పట్టేస్తోంది.

టీటీ-02 గద్వాల
బగ్గీ కాదు కానీ నా అనుభవం కూడా రాస్తా. నాది టమియా టీటీ-02, 1/10 ఆన్‌రోడ్. చాలా కిట్లలో బేరింగుల బదులు ప్లాస్టిక్ బుష్‌లే వస్తాయి, కట్టేటప్పుడే బేరింగులు వేసేయాలి. మామూలు గేరింగు 70 పళ్ల స్పర్, 22 పళ్ల పినియన్. 70ని 22తో భాగించి, లోపలి నిష్పత్తి 2.6తో గుణిస్తే 8.27, అంటే మోటార్ అన్ని చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు. చిన్న ట్రాక్ అయితే పినియన్ పళ్లు తగ్గించడమే మేలు. మలుపు నుంచి లేచే ఊపు పెరుగుతుంది, మోటార్ చల్లగా ఉంటుంది. పెద్ద పినియన్ వేసి టాప్ స్పీడ్ వచ్చిందని సంబరపడేవాళ్లను చాలామందిని చూశా. ఆ స్పీడ్ అందుకునేలోపే మా ట్రాక్ అయిపోతుంది.

క్యాంబర్ (చక్రం వాలు) కొలవడానికి గేజ్ కొనక్కర్లేదు. ఫోన్‌లో లెవెల్ యాప్ తెరిచి చక్రానికి ఆనించండి. చక్రం పైభాగం లోపలికి ఒకటి రెండు డిగ్రీలు వాలి ఉంటే చాలు.

బత్తాయి తోట, నల్గొండ
టైర్లు, బేరింగులు, షిమ్‌లు అయిపోయాయి. అన్నలూ, ముక్కు తిరుగుతోంది! తమ్ముడి బండిని ఇప్పుడు మలుపు లోపలి వైపు నుంచి దాటుతున్నా. కానీ గతుకు వచ్చిన చోట వెనక భాగం ఎగిరెగిరి పడుతోంది. మధ్యాహ్నం ఇంకా ఎక్కువ. ఇంట్లో కుట్టుమిషన్ నూనె ఉంది, షాకుల్లో పోయొచ్చా?

వైండింగ్ షాపు, దేవరకొండ
వద్దు. షాకులకు సిలికాన్ నూనే వాడాలి. పెట్రోలియం నూనెలు కొన్ని రకాల ఓ-రింగులను ఉబ్బిస్తాయి, ఆ తర్వాత రాడ్ పట్టేస్తుంది.

పాలమూరు పినియన్
మధ్యాహ్నం ఎక్కువైందంటే నూనె పల్చబడుతోంది. షాక్ ఊగుడును ఆపేది ఆ నూనే. నల్గొండ మే నెల ఎండ సంగతి చెప్పాలా! వెనక షాకులు రెండూ విప్పి పాత నూనె పారబోసి, ఇప్పుడున్నదానికంటే ఒక గ్రేడు చిక్కటిది పోయ్. పిస్టన్‌ను మెల్లగా పైకీ కిందికీ ఆడించి, బుడగలు పైకి తేలేదాకా ఆగి మూత పెట్టు. రెండూ ఒకేలా నొక్కుకుపోవాలి, ఒకే వేగంతో తిరిగి లేవాలి. నూనె మార్చినరోజు స్ప్రింగు మార్చకు, ఏది పనిచేసిందో తెలియదు. పది రౌండ్లు కొట్టి సగటు టైమ్ చూడు. ఒక్క మంచి రౌండ్ చూసి నమ్మొద్దు.

బ్యాటరీ మాట కూడా. బండిని బైకు డిక్కీలో ఎండకు వదిలేసి పోవద్దు. ఆట అయిపోయాక సెల్‌కు 3.8 వోల్టుల దగ్గర ఉంచి దాచు. వేడిగా ఉన్నప్పుడు చార్జింగ్ పెట్టొద్దు, పెట్టి నిద్రపోవద్దు.

మిల్లు కళ్లం, మిర్యాలగూడ
మోటార్ వేడి చూడటానికి కరోనా నాటి నుదుటి థర్మామీటర్ సరిపోతుందా?

వైండింగ్ షాపు, దేవరకొండ
పనికిరాదండి. జ్వరం చూసే మోడ్‌లో చాలావాటికి 43 డిగ్రీలు దాటితే అంకె చూపించవు. ఎలక్ట్రికల్ షాపుల్లో దొరికే ఇన్‌ఫ్రారెడ్ గన్ కావాలి. బ్రష్డ్ మోటార్ డబ్బా పైన 80 దాటుతుంటే పినియన్ ఒక పన్ను తగ్గించి చూడండి.

బత్తాయి తోట, నల్గొండ
సిలికాన్ నూనె ఆర్డర్ పెట్టా. తమ్ముడు బ్రష్‌లెస్ తన బండికి వేయిస్తాడట.

ఫుల్ థ్రాటిల్, సూర్యాపేట
ఆ తమ్ముడి నంబర్ నాకు మెసేజ్ చెయ్యి.