ఐస్‌లాండ్ మీద ట్రావెల్ బ్రోషర్, మడిస్తే కవర్ లోపలికి పోతోంది

ప్రశ్న:
అందరికీ నమస్తే, నేను ఎనిమిదో క్లాసు. సోషల్ ప్రాజెక్టుకి ఏదో ఒక దేశం మీద ట్రావెల్ బ్రోషర్ చెయ్యమన్నారు, నేను ఐస్‌లాండ్ తీసుకున్నా. రాజధాని రెక్యావిక్, కరెన్సీ క్రోనా, జనాభా, విస్తీర్ణం అన్నీ రాసేశా కానీ చూస్తే నోట్సులాగే ఉంది, అక్కడికి వెళ్లాలనే అనిపించట్లేదు. పైగా ఎ4 షీట్ మీద ప్రింట్ తీసి మూడు భాగాలుగా మడిస్తే కవర్ ఫొటో లోపలికి పోయింది, రెండో వైపు తలకిందులైంది. సోమవారం ఇచ్చెయ్యాలి, ప్లీజ్ చెప్పండి.

రిప్లై 1:
ముందు ఒక తెల్ల కాగితం అడ్డంగా పెట్టుకుని కుడి భాగం లోపలికి మడిచి, దాని మీదకి ఎడమ భాగం మడిచెయ్ నాన్నా. ఇప్పుడు పైన కనిపించేదాని మీద పెన్సిల్‌తో 'కవర్' అని, తిప్పి 'వెనక' అని, తెరవగానే కుడివైపు ఎదురయ్యేదాని మీద 'రెక్క' అని రాసి మొత్తం విప్పి చూడు. బయటి వైపు ఎడమ నుంచి రెక్క, వెనక, కవర్ అనే వరసలో ఉంటాయి, అంటే కవర్ కుడి చివర రావాలి, నువ్వు ఎడమ చివర పెట్టి ఉంటావు. లోపలికి మడిచే రెక్క రెండు మూడు మిల్లీమీటర్లు తక్కువ ఉంచు (ఎ4 పొడవు 297 మిల్లీమీటర్లలో 100, 100, 97 అలా), లేకపోతే అంచు ముడుచుకుపోతుంది. తలకిందులు రాకుండా ప్రింట్ సెట్టింగ్స్‌లో 'ఫ్లిప్ ఆన్ షార్ట్ ఎడ్జ్' పెట్టు.

రిప్లై 2:
జనాభా, విస్తీర్ణం వెనక పక్క చిన్న బాక్సులో పడెయ్, చాలు. బ్రోషర్ చదివేవాళ్లకి కావాల్సింది ఎప్పుడు వెళ్లాలి, ఏం చూడాలి. స్ట్రోక్కుర్ గురించి 'వేడినీటి బుగ్గ' అని రాసి వదిలెయ్యకు, నీళ్లు ముందు నీలం బుడగలా ఉబ్బి ఒక్కసారిగా పైకి చిమ్ముతాయి, ఆరు నుంచి పది నిమిషాలకోసారి, అది రాస్తే ఎవరికైనా చూడాలనిపిస్తుంది. అక్కడి నుంచి గుల్‌ఫాస్ జలపాతం దగ్గరే, థింగ్‌వెల్లిర్ కూడా కలిపి రెక్యావిక్ నుంచి ఒక్క రోజులో చూసి రావచ్చు, 930లో వాళ్ల పార్లమెంటు మొదలైంది ఆ థింగ్‌వెల్లిర్‌లోనే. ఇంకోటి, చాలామంది చేసే పొరపాటు, జూన్‌లో అర్ధరాత్రి సూర్యుడు, అరోరా (రాత్రి ఆకాశంలో కనిపించే రంగుల వెలుగులు) రెండూ ఒకే ట్రిప్పులో పెట్టేస్తారు. జూన్‌లో అసలు చీకటే పడదు, అరోరా ఎలా కనిపిస్తుంది? ఏదో ఒకటే పెట్టు.

రిప్లై 3:
ఫొటోలు చిన్న సైజువి లాగి పెద్దవి చెయ్యకండి, ప్రింట్‌లో గళ్లుగళ్లుగా వస్తాయి. ఒక్కో పేజీకి ఒక పెద్ద ఫొటో, కింద ఆ చోటు పేరు, అంతే. రేనిస్‌ఫ్యారా నల్ల ఇసుక బీచ్ పెడితే మాత్రం అలలు ఉన్నట్టుండి మీదకొస్తాయి, సముద్రానికి వీపు పెట్టి నిలబడొద్దు అని తప్పకుండా రాయండి. మనం రమ్మని పిలుస్తున్నాం కదా, ఆ జాగ్రత్త కూడా మనమే చెప్పాలి.

ప్రశ్న అడిగినవారు:
థాంక్యూ సో మచ్ అందరికీ! తెల్ల కాగితం మడిచి చూశాక అర్థమైంది, నేను కవర్ ఎడమవైపే పెట్టా. అరోరా కూడా పెట్టేశా జూన్ ట్రిప్పులో, ఇప్పుడే తీసేశా, ఆ రెక్క మీద స్ట్రోక్కుర్ ఉబ్బుతున్న ఫొటో వేసి, లోపల తెరిస్తే చిమ్ముతున్న ఫొటో పెడుతున్నా.