ఎండాకాలంలో స్ట్రైపర్ ఒక్కటీ పడటం లేదు, ఎక్కడ వెతకాలి?

ఫ్రిస్కో_శీను:
పొద్దున్నుంచి ఎండలో మాడిపోయాం, గాలానికి ఒక్క స్ట్రైపర్ (ఒంటి మీద చారలుండే బాస్ చేప) కూడా తగల్లేదు. దగ్గర్లో ఉన్న రెండు మూడు బోట్లవాళ్లు వరసపెట్టి లాగుతూనే ఉన్నారు. మా ఎరను మాత్రం ఏదీ ముట్టలేదు. వీటికి చల్లటి నీళ్లు కావాలంటారు కదా, అందుకే బాగా లోతుకే దించాను. చోటు మార్చాను, ఎర మార్చాను, బరువు మార్చాను. ఊరి నుంచి వచ్చిన బావగారికి చేపలు పట్టి చూపిస్తానని తీసుకెళ్లాను, పిల్లలు కూడా ఆశగా వచ్చారు. శనివారం మళ్లీ వెళ్తున్నాం. తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి, నాకు బుర్ర పనిచేయడం లేదు.

పాత_గాలం:
ఏ లేక్? బోటా, ఒడ్డా? ఎన్నింటికి? ఎంత లోతు? ఏ ఎర?

రెడ్‌రివర్_వాసి:
శీను గారూ, ముందు లైసెన్స్ సంగతి చూసుకోండి. మీది టెక్సస్, ఓక్లహోమా సరిహద్దులో ఉన్న టెక్సోమా లేకే అనుకుంటున్నాను. టెక్సస్ లైసెన్స్ టెక్సస్ వైపు నీళ్లకే పనికొస్తుంది, లేక్‌లో ఎక్కువ భాగం ఓక్లహోమాలో ఉంది. రెండు వైపులా తిరగాలంటే లేక్ టెక్సోమా లైసెన్స్ అని విడిగా ఉంటుంది, డిసెంబరు 31తో అయిపోతుంది. మనవాళ్లు చాలామంది ఇది తెలియకుండానే గీత దాటేస్తున్నారు. స్ట్రైపర్, హైబ్రిడ్ (స్ట్రైపర్‌కీ దాని చిన్న చుట్టం శాండ్ బాస్‌కీ పుట్టిన సంకరం) రెండూ కలిపి మనిషికి రోజుకు 10, వాటిలో 20 అంగుళాలు, ఆపైన ఉన్నవి రెండే. లైవ్‌వెల్‌లో (బోటులో చేపల్ని బతికించి ఉంచే నీళ్ల తొట్టి) వేసుకున్నాక పెద్దది పడిందని చిన్నదాన్ని తిరిగి నీళ్లలో వదలడం కూడా కుదరదు.

ఫ్రిస్కో_శీను:
లైసెన్స్ ఉందండీ. అవును, టెక్సోమానే, డల్లాస్ నుంచి స్ట్రైపర్ అంటే ఇంకెక్కడికి వెళ్తాం? మెరీనాలో అద్దెకు తీసుకున్న పాంటూన్ బోటు. పదిన్నరకు బయలుదేరాం. డ్యామ్ దగ్గర 70 అడుగుల నీళ్లలో ఆపి, సీసపు గుండు కట్టి అడుగుదాకా దించాం. ఎర ఫ్రోజెన్ రొయ్యలు, తర్వాత చికెన్ లివర్.

పాత_గాలం:
జూలైలో 70 అడుగుల కింద ఆక్సిజన్ ఉండదు. పైకి తీయండి. లివర్ క్యాట్‌ఫిష్‌కి.

గోదారి_గట్టు:
ఆయన చెప్పింది నిజం తమ్ముడూ, కొంచెం విడమరచి చెబుతాను. ఎండాకాలంలో లేక్ పొరలుగా విడిపోతుంది. పైన 85 డిగ్రీల (ఫారెన్‌హీట్) వేడి నీళ్లు, అడుగున చల్లటి బరువైన నీళ్లు, రెండూ కలవవు. ఈ రెండింటి మధ్య చల్లదనం ఒక్కసారిగా పెరిగే పొరనే థర్మోక్లైన్ అంటారు. అడుగు నీళ్లకు గాలి తగలదు, కుళ్లే చెత్త ఉన్న కాస్త ఆక్సిజన్‌నీ తినేస్తుంది. స్ట్రైపర్ అట్లాంటిక్ తీరం నుంచి నదుల్లోకి ఎదురెక్కే చేప, పెద్దవాటికి 75 డిగ్రీలు దాటితే ఇబ్బందే. పైన వేడి, కింద ఊపిరాడదు, అందుకని థర్మోక్లైన్‌కి కాస్త పైన చేరతాయి. మీరు గంటల తరబడి ఎర వేసింది చేపలు బతకలేని చోట.

కాబట్టి డ్యామ్ ముందున్న గుంట వదిలేయండి. నది పాత కాలువ పక్కన మెట్టలా లేచే అంచులు, నీళ్లలో మునిగిన దిబ్బలు వెతకండి. అక్కడ నేల సరిగ్గా ఆ పొర లోతుకు లేస్తుంది, స్ట్రైపర్లు తినే చిన్న షాడ్ చేపలు అక్కడే గుమిగూడతాయి. షాడ్ ఎక్కడుంటే స్ట్రైపర్ అక్కడ.

ప్లానో_యాంగ్లర్:
థర్మోక్లైన్ 30 అడుగులు అంటారు, నేను పోయిన ఆగస్టులో 50లో పట్టాను. ఇదంతా పుస్తకాల లెక్క.

గోదారి_గట్టు:
30 అని నేనెక్కడా అనలేదు బ్రో. గాలి, వరద నీరు, మీరు డ్యామ్ వైపున్నారా నది వైపున్నారా, వీటిని బట్టి లోతు మారుతుంది. లెక్క గుర్తుపెట్టుకోవడం కాదు, ఆ రోజు తెరమీద చూడాలి. ఫిష్ ఫైండర్‌లో (నీళ్ల కింద ఏముందో తెరమీద చూపే పరికరం) సెన్సిటివిటీ పెంచితే నీళ్ల మధ్యలో మసకగా అడ్డంగా ఒక పట్టీ కనిపిస్తుంది, అదే. దానికింద ఎర దించకండి. మబ్బు తునకలా గుబురుగా కనిపించేది షాడ్, దానికింద విల్లులా వంగిన గీతలు స్ట్రైపర్లు.

ప్లానో_యాంగ్లర్:
పక్క బోట్లవాళ్లు పగలు ఎండలో లాగినవి స్ట్రైపర్లు అయ్యుండవు, శాండ్ బాస్. పైకి వచ్చి నీళ్లు చిందించేవి ఎక్కువగా అవే.

రెడ్‌రివర్_వాసి:
వాటి కింద స్ట్రైపర్లు కూడా ఉంటాయి. చేప నోరు తెరిచి చూడండి. నాలుక మీద వేలితో రాస్తే గరుకుగా తగిలే పళ్ల పట్టీ శాండ్ బాస్‌కి ఒకటే, స్ట్రైపర్‌కి పక్కపక్కన రెండు. తెలుసుకోకపోతే లిమిట్ లెక్క తప్పుతుంది.

ప్లానో_యాంగ్లర్:
హైబ్రిడ్‌కి కూడా రెండే ఉంటాయి.

రెడ్‌రివర్_వాసి:
హైబ్రిడ్, స్ట్రైపర్ ఒకే లిమిట్‌లోకి వస్తాయని పైన చెప్పాను కదండీ. చారలు తెగితెగి ఉంటే హైబ్రిడ్.

ఇంకొకటి చెప్పి తీరాలి. ఎండాకాలంలో స్ట్రైపర్‌ని పట్టి ఫొటో తీసి వదిలేస్తే అది ఈదుకుంటూ వెళ్లిపోయినట్టే కనిపిస్తుంది, కానీ వేడి నీళ్లలో అలసిపోయిన చేప చాలాసార్లు చచ్చిపోతుంది. తినేటన్ని పట్టుకోండి, చాలనుకున్నాక గాలం తీసేయండి. 1944లో డెనిసన్ డ్యామ్ కట్టాక, 1965 నుంచి 1974 దాకా స్ట్రైపర్ పిల్లల్ని వదిలితే ఇక్కడ వాటంతట అవే గుడ్లు పెట్టి పెరుగుతున్నాయి. లేక్‌లోకి రెడ్ రివర్, వాషిటా రెండు నదులూ చాలా దూరం పారుతూ వస్తాయి, గుడ్లు అడుగున పడకుండా నీటివాలులో తేలుతూ పొదుగుతాయి. చాలా జలాశయాల్లో ఏటేటా హేచరీ పిల్లల్ని వదలాల్సిందే. ఇలాంటి చోటును మనమే పాడుచేసుకోకూడదు.

పాత_గాలం:
తెల్లారక ముందే నీళ్ల మీద ఉండాలి. పదిన్నరకు కాదు.

గోదారి_గట్టు:
అదే అసలు మాట. తొలివెలుగులో స్ట్రైపర్లు షాడ్‌ని పైకి తరుముతాయి, కొంగలు గుమిగూడిన ఒడ్డు పక్కన టాప్‌వాటర్ ఎర (నీళ్ల పైన తేలే ఎర) విసరండి. ఎండ ఎక్కాక అంచుల మీదికి వెళ్లండి. వీలైతే బతికున్న షాడ్ వాడండి. మా లంకల్లో విసురువల వేసినవాళ్లకి ఇది పెద్ద పని కాదు, చీకటి విడుతుండగా మెరీనా పక్కన లోతు తక్కువ చోట్ల దొరుకుతాయి. గుండ్రటి ట్యాంకులోనే ఉంచాలి, మూలలున్న డబ్బాలో గుమిగూడి చస్తాయి. కొక్కెం ముక్కు రంధ్రాల్లోంచి గుచ్చితే చాలాసేపు ఈదుతుంది.

షాడ్ దొరక్కపోతే తెల్లటి సీసపు స్లాబ్ (చేపలా కనిపించే బరువైన ఎర) వాడండి. ఆ అంచు మీద నేలకు తగిలేదాకా వదిలి, తగలగానే రీల్‌ని గబగబా పది పదిహేను చుట్లు తిప్పండి. పైకి పారిపోతున్న షాడ్ అనుకుని వెంటపడి కొడతాయి. నిదానంగా తిప్పితే చూసి ఊరుకుంటాయి.

రెడ్‌రివర్_వాసి:
బయటకు వచ్చేటప్పుడు ట్యాంకు నీళ్లు అక్కడే ఒంపేయాలి. 2009లో ఈ లేక్‌లో జీబ్రా మసెల్స్ (నీళ్లతో పాటు వేరే చెరువులకూ పాకే చిన్న ఆల్చిప్పలు) బయటపడ్డాయి, వాటి పిల్లలు కంటికి కనిపించవు.

లిటిల్‌ఎల్మ్_సుధ:
అన్నయ్యలూ, పట్టాక సంగతి కూడా చెప్పండి. మావారు తెచ్చిన ప్రతిసారీ పులుసు నీచు వాసన వస్తోంది.

గోదారి_గట్టు:
చర్మం తీశాక పక్క వెంబడి ఎర్రటి కండ కనిపిస్తుంది చూడండి అమ్మా, వాసన దానిదే. కత్తి పడుకోబెట్టి అది మొత్తం గీసేయండి, తెల్ల కండే మిగలాలి. మీవారితో చెప్పండి, పట్టగానే మొప్పలు కోసి రక్తం పోనిచ్చి ఐసులో పెట్టాలి. తర్వాత ఉప్పు, పసుపు, నిమ్మరసం పట్టించి కడిగితే చాలు. మెత్తటి కండ, పులుసులో గరిటె పెట్టకుండా గిన్నె పట్టుకుని కుదపండి.

ప్లానో_యాంగ్లర్:
పులుసు కంటే వేపుడే దీనికి.

ఫ్రిస్కో_శీను:
థాంక్స్ అన్నా, అందరికీ. శనివారం నాలుగున్నరకే బయలుదేరుతున్నాం. స్లాబ్‌లు ఆర్డర్ పెట్టాను.

క్యారల్టన్_వంశీ:
లూయిస్‌విల్ లేక్‌లో హైబ్రిడ్స్‌కి కూడా ఇదే పద్ధతా? అక్కడ అంచులు ఎటువైపు ఉంటాయో ఎవరైనా చెప్పగలరా?