పద్మినికి రాక్ అండ్ పినియన్ స్టీరింగ్ పెట్టించొచ్చా?

ప్రశ్న: అన్నలూ, నాన్న 1984లో కొన్న ప్రీమియర్ పద్మిని కారు ఇప్పటికీ ఇంట్లోనే ఉంది, ఇంజన్ బాగుంది కానీ స్టీరింగ్ మధ్యలో రెండు మూడు వేళ్లంత ప్లే (తిప్పినా చక్రాలు కదలని ఖాళీ) వచ్చేసింది, మెహదీపట్నం దగ్గర బస్సు పక్క నుంచి పోతుంటే చేతులకి చెమటలు పడుతున్నాయి. మెకానిక్ దీనికి మారుతి 800 రాక్ (పళ్ల కడ్డీని చిన్న గేరు పక్కకి జరిపే రాక్ అండ్ పినియన్ స్టీరింగ్) పెట్టేద్దాం అంటుండు. చేయించాలా?

జవాబు: తొందరపడకు తమ్ముడూ. ప్లే అంతా స్టీరింగ్ బాక్స్‌దే (స్టీరింగ్ రాడ్ చివర ఉండే గేర్ల పెట్టె) అనుకోకు. లోపల ఎవరినైనా కూర్చోబెట్టి స్టీరింగ్ కొద్దికొద్దిగా ఆడించమని చెప్పి, నువ్వు కింద దూరి టై రాడ్ ఎండ్లు (చక్రాన్ని తిప్పే రాడ్ చివర కీళ్లు), ఐడ్లర్ ఆర్మ్ (బాక్స్‌కి అవతలి వైపు ఆ రాడ్లని మోసే చిన్న చేయి) ఒక్కోదాని మీద వేలు పెట్టి చూడు, ఎక్కడ టక్కుమంటుందో వేలికే తెలుస్తది. నా బండికి పోయింది ఐడ్లర్ బుష్షే, రాణిగంజ్‌లో దొరికింది.

ఇంకో జవాబు: అంబాసిడర్‌కైతే కంపెనీ నుంచే రాక్ ఉంది, పద్మినిది వర్మ్ బాక్స్ (మరచుట్ల గేరు ఉన్న స్టీరింగ్ బాక్స్). ముందు సస్పెన్షన్‌లో 800కి స్ట్రట్లు (స్ప్రింగు, షాకబ్జార్బర్ కలిసిన నిలువు కాళ్లు), పద్మినికి విష్‌బోన్లు (చక్రాన్ని పట్టుకునే రెండు కొమ్మల చేతులు), రాక్ పొడవు, ఎత్తు ఆ విష్‌బోన్లు ఊగే పివట్లకి కుదరకపోతే గుంతలో పడ్డప్పుడల్లా చక్రం దానంతటదే తిరుగుతది, దాన్నే బంప్ స్టీర్ అంటారు. స్టీరింగ్ ఆర్ములకి (టై రాడ్ లాగితే చక్రాన్ని తిప్పే చేతులు) వెల్డింగ్ మాత్రం అస్సలు చేయనీయకు భయ్యా, అది విరిగితే ఇంక పట్టుకోడానికి ఏమీ ఉండదు. ఆర్టీఏ పర్మిషన్ గొడవ కూడా ఉంటది.

అడిగినవాళ్లు: థాంక్స్ అన్నా, ఇప్పుడే చూశా, ఎడమ టై రాడ్ ఎండ్ లూజుగా ఊగుతోంది. ముందు అది మార్పిస్తా.