జీకే, ఇంగ్లీషు: కోచింగ్ లేకుండా ఎట్లా చదివినారో చెప్పండి

పలమనేరు_పిల్లోడు:
అందరికీ నమస్తే. మాది పలమనేరు దగ్గర పల్లె. డిగ్రీ దాకా తెలుగు మీడియమే. ఇప్పుడు తిరుపతిలో రూము తీసుకోని రైల్వేలో నాన్-టెక్నికల్ ఉద్యోగాలకు పెట్టే ఎన్‌టీపీసీకీ, కేంద్ర ప్రభుత్వంలో డిగ్రీ స్థాయి ఉద్యోగాలకు పెట్టే ఎస్సెస్సీ సీజీఎల్‌కీ చదువుతా ఉండాను. లెక్కలు, రీజనింగ్ పర్వాలేదు. జీకే మాత్రం పొద్దున చదివింది రాత్రికి గుర్తుండదు. ఇంగ్లీషు పాసేజీ చూస్తే ఏడ మొదలుపెట్టాల్నో తెలీదు. కోచింగుకు మళ్ళీ డబ్బు అడిగే పరిస్థితి ఇంట్లో లేదు. సొంతంగా చదువుకోని ఉద్యోగం కొట్టినోళ్ళు చెప్పండన్నా.

పాకాల_జంక్షన్:
తమ్ముడూ, ముందు ఆ రెండు పరీక్షల్నీ విడదీసి చూడు. ఎన్‌టీపీసీలో ఇంగ్లీషు సెక్షనే లేదు, పేపరు తెలుగులో రాసుకోవచ్చు. మొదటి సీబీటీలో, అంటే కంప్యూటర్ మీద రాసే పరీక్షలో, 100 ప్రశ్నలకు 40, రెండోదాంట్లో 120కి 50 జనరల్ అవేర్‌నెస్సే, అంటే జీకేనే. తప్పు పెడితే మూడో వంతు మార్కు పోతుంది. సీజీఎల్ పేపరు హిందీ, ఇంగ్లీషుల్లోనే వస్తుంది. టైర్ 2లో, అంటే రెండో దశలో, మెరిట్‌కు లెక్కేసే 390 మార్కుల్లో ఇంగ్లీషువే 135, జీకేవి 75. అంటే రైల్వేకి జీకే, సీజీఎల్‌కి ఇంగ్లీషు. రెండింటికీ ఒకే టైంటేబుల్ పెట్టుకోవద్దు. నేను రైల్వేలోనే చేస్తా ఉండాను. ఒక లెక్క తేల్చే టైములో మూడు నాలుగు జీకే బిట్లు అయిపోతాయి. ఆ మిగిలిన టైమే నాకు పనికొచ్చింది.

స్వర్ణముఖి:
జీకే గుర్తుండకపోవడానికి కారణం బిట్లు బట్టీ పట్టడమే అని నా గట్టి నమ్మకం. మన చుట్టూ ఉన్న ఊళ్ళ నుంచి మొదలుపెట్టండి. చంద్రగిరి కోట తీసుకోండి. 1565లో తళ్ళికోట యుద్ధం, తర్వాత విజయనగర రాజులు పెనుకొండకు, అక్కడి నుంచి చంద్రగిరికి రావడం, ఆ రాజుల ఏలుబడిలోనే 1639లో ఈస్టిండియా కంపెనీకి మద్రాసు స్థలం దక్కడం. మధ్యయుగ చరిత్ర నుంచి ఆధునిక చరిత్రకు ఒకే దారిలో వచ్చేస్తారు. ఒక ఆదివారం పోయి ఆ రాజమహల్ చూసి రండి, ఈ వరస ఇక మర్చిపోరు.

శ్రీహరికోట కూడా అంతే. 1980 జులై 18న ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్‌తో రోహిణి ఉపగ్రహం, 2002లో ఆ కేంద్రానికి సతీష్ ధావన్ పేరు పెట్టడం, 2023 జులై 14న చంద్రయాన్-3 ప్రయోగం, ఆగస్టు 23న అది చంద్రుడి మీద దిగడం. ఆ 23నే జాతీయ అంతరిక్ష దినోత్సవం. అక్కడితో ఆపకుండా, రాకెట్ కేంద్రం తూర్పు తీరంలోనే ఎందుకు అని అడగండి. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతుంది కాబట్టి తూర్పుకు వదిలితే ఆ వేగం కలిసొస్తుంది. భూమధ్యరేఖకు దగ్గరయ్యేకొద్దీ ఇంకా ఎక్కువ. ఏదైనా తేడా వచ్చినా శకలాలు సముద్రంలో పడతాయి. భూగోళం, సైన్సు రెండూ అందులోనే వచ్చేశాయి.

ఇంకొకటి. మన తిరుపతి దగ్గర గాదంకిలో వాతావరణాన్ని పరిశీలించే ఎంఎస్‌టీ రాడార్ ఉంది కదా, ఆ మూడక్షరాలే మెసోస్ఫియర్, స్ట్రాటోస్ఫియర్, ట్రోపోస్ఫియర్. పై నుంచి కిందికి వాతావరణ పొరల వరస అదే.

పాత పుస్తకాలతో మాత్రం జాగ్రత్త. శ్రీహరికోట నెల్లూరు జిల్లాలో ఉన్నట్టు రాసి ఉంటుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాక అది తిరుపతి జిల్లాలోకి వచ్చింది.

హార్స్‌లీ_గాలి:
మన మదనపల్లెను కూడా కలుపుకోండి. జనగణమన రవీంద్రుడు రాసింది అక్కడే కదా.

స్వర్ణముఖి:
రాసింది అక్కడ కాదండీ. 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెస్ సభలో తొలిసారి పాడారు. 1919లో మదనపల్లె బీసెంట్ కాలేజీకి వచ్చినప్పుడు ఆయన దాన్ని ఇంగ్లీషులోకి అనువదించారు. జాతీయ గీతంగా తీసుకున్నది 1950 జనవరి 24న. ఆప్షన్లలో ఈ మూడు సంవత్సరాలనూ పక్కపక్కనే పెడతారు, చూసుకోండి.

తిరుచానూరు_టీచరమ్మ:
నాయనా, ఇంగ్లీషు సంగతి నేను చెప్తాను. గ్రామర్ పుస్తకం మొదటి పేజీ నుంచి పట్టుకోవద్దు. పొద్దున తెలుగు పేపర్లో ఒక వార్త చదువు. అదే వార్త ఇంగ్లీషు పేపర్లో తీసి గట్టిగా పైకి చదువు. విషయం ముందే తెలుసు కాబట్టి నీ ధ్యాసంతా వాక్యం మీదే ఉంటుంది.

మనకు క్రియ చివర్లో వస్తుంది, ఇంగ్లీషులో కర్త వెంబడే వస్తుంది. అందుకే పొడుగు వాక్యంలో మనవాళ్ళు తడబడతారు. ప్రతి వాక్యంలో ముందు క్రియ కింద గీత గీయి, తర్వాత అది ఎవరి పనో వెతుకు. ‘ది ప్రైస్ ఆఫ్ టొమాటోస్ ఇన్ మదనపల్లె మార్కెట్’ అన్న తర్వాత ‘హ్యాజ్’ రావాలా, ‘హ్యావ్’ రావాలా? టమోటాలు చూసి ‘హ్యావ్’ పెడతారు. ఇక్కడ కర్త ధర, ఒకటే, కాబట్టి ‘హ్యాజ్’. ఎర్రర్ స్పాటింగులో, అంటే వాక్యంలో తప్పు పట్టే ప్రశ్నల్లో, ఈ రకం మళ్ళీ మళ్ళీ వస్తుంది.

‘డిస్కస్’ తర్వాత ‘అబౌట్’ పెట్టకూడదు. ‘సిన్స్’ పక్కన మొదలైన సమయం, ‘ఫర్’ పక్కన ఎంతకాలమో చెప్పాలి. ‘ఎ యూనివర్సిటీ’, ‘యాన్ అవర్’ అనేది మొదటి అక్షరాన్ని బట్టి కాదు, పలికే శబ్దాన్ని బట్టి. మాక్ టెస్టులో పోయిన ప్రతి మార్కుకూ కారణమేందో ఒక నోటులో రాసుకో. కొన్ని వారాలకే నీ తప్పులన్నీ నాలుగైదు రకాలేనని తెలిసిపోతుంది. వాటినే సరిచేసుకో.

పలమనేరు_పిల్లోడు:
చాలా థాంక్సు మేడమ్, అక్కా, అన్నా. ఒక్కటి అడుగుతాను. వొకాబులరీకి రోజూ కొత్త మాటల జాబితా పెట్టుకోమంటారు. అది పనికొస్తుందా?

అలిపిరి_మెట్లు:
ఉత్త జాబితా నిలబడదు బ్రదర్. మాటను అది వచ్చిన వాక్యంతో సహా రాసుకో. దాంతో వచ్చే ప్రిపొజిషన్ కూడా పక్కనే రాయి. క్లోజ్ టెస్టులో, అంటే పాసేజీలో ఖాళీలు నింపే ప్రశ్నల్లో, అడిగేది అదే. నేను లాడ్జి కౌంటర్లో పని చేస్తా బ్యాంకు పీఓకి, అంటే ఆఫీసరు ఉద్యోగానికి, చదువుతా ఉండాను. దానికి ఇంటర్వ్యూ ఉండాది. అందుకని వేరే రాష్ట్రాల యాత్రికులు రూము అడిగితే కావాలనే ఇంగ్లీషులో బదులు చెప్తాను. సీజీఎల్‌కి ఇంటర్వ్యూ లేదు కాబట్టి నువ్వు మాట్లాడే ప్రాక్టీసు తర్వాత చూసుకోవచ్చు, ముందు చదవడం మీద పెట్టు.

పాకాల_జంక్షన్:
పాత ఎన్‌టీపీసీ పేపర్లు నా దగ్గర ఉండాయి తమ్ముడూ. మెసేజ్ పెట్టు, పంపిస్తాను. జీకే భాగం ముందు చెయ్యి. ఏ చాప్టర్ నుంచి ఎన్ని వచ్చినాయో నువ్వే లెక్కేసుకోని ఇక్కడ రాయి. మిగతావాళ్ళకూ పనికొస్తుంది.