హైమన్‌డార్ఫ్ లాగా ఆదివాసుల మధ్య ఉండి రీసెర్చ్ చేయడం ఇప్పుడు కుదురుతుందా?

నల్లమల బాటసారి:

అందరికీ నమస్తే. పోయిన నెల లండన్‌లోని సోయాస్ యూనివర్సిటీ వాళ్ళ ఆన్‌లైన్ ఆర్కైవ్‌లో, మన ఆదివాసుల మధ్య ఉండి పుస్తకాలు రాసిన హైమన్‌డార్ఫ్ తీసిన ఫోటోలు చూస్తూ కూర్చున్నా, రాత్రి రెండు దాటిన సంగతే తెలీలేదు. చెంచులు, కొండరెడ్లు, గోండులు, ఎనభై ఏళ్ళ కిందటి ముఖాలు. మాది అచ్చంపేట వైపు. చిన్నప్పుడు చెంచులు తేనె తెచ్చేవాళ్ళు, అమ్మ తవ్వతో బియ్యం కొలిచి పోసేది, వాళ్ళు గడప బయటే నిలబడి కొంగులో పట్టుకుని వెళ్ళిపోయేవాళ్ళు. ఒక్కసారి కూడా వాళ్ళ పేరేంటని మేం అడగలేదు. ఎక్కడో వియన్నాలో పుట్టిన మనిషి వచ్చి వాళ్ళ పేర్లు, ఇంటిపేర్లు, ఎవరికి ఎవరు ఏమవుతారో అన్నీ రాసుకున్నాడు, పక్క ఊళ్ళో ఉండి మాకేం తెలీదు. అప్పట్నించి మనసు అదోలా ఉంది.

నాకిప్పుడు 27, హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ జాబ్. ఆంత్రోపాలజీ (మనుషుల జీవితాన్ని, సమాజాల్ని చదివే శాస్త్రం) డిగ్రీ లేదు. ఆయన లాగా అడవిలో ఉండి రాయాలని ఉంది. డబ్బులు ఎలా వచ్చేవి ఆయనకి, భాష ఎలా నేర్చుకున్నాడు, ఆయన నిజాం మనిషి అని కొందరు అంటారు అది నిజమేనా, నాలాంటివాడు ఏ యూనివర్సిటీ పేరూ లేకుండా ఇప్పుడు వెళ్తే ఎవరైనా రానిస్తారా? తెలిసినవాళ్ళు కొంచెం వివరంగా చెప్పండి ప్లీజ్.

ఏజెన్సీ మాస్టారు:

తమ్ముడూ, నేను ఉట్నూరు, జైనూరు వైపు పంతొమ్మిదేళ్ళు పనిచేసి రిటైరయ్యాను కాబట్టి నాకు తెలిసింది రాస్తాను, కొంచెం పెద్దదవుతుంది.

ముందు ఒకటి సరిచెయ్యాలి. ఆయన డిగ్రీ లేని మనిషి కాదు. 1909లో వియన్నాలో పుట్టాడు, 1931లో అక్కడే డాక్టరేట్, తర్వాత ఫెలోషిప్ మీద లండన్, అక్కణ్ణించి 1936లో నాగా కొండలు. మన దగ్గరికి రావడమే అనుకోకుండా జరిగింది. 1939లో భార్య బెట్టీతో మళ్ళీ ఇండియా వచ్చేసరికి యుద్ధం మొదలైంది. ఆస్ట్రియాని హిట్లర్ కలిపేసుకున్నాడు కాబట్టి ఆయన చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్ట్, అంటే బ్రిటిష్ వాళ్ళకి శత్రుదేశస్థుడు. అరెస్ట్ చేశారు, తర్వాత హైదరాబాద్ సంస్థానం దాటి పోకూడదని ఆంక్ష పెట్టి వదిలారు. ఆ కట్టడిలోనే నిజాం సర్కారు సాయంతో ముందు అమ్రాబాద్ పీఠభూమి మీద చెంచుల దగ్గరికి, తర్వాత గోదావరి పక్కన పాపికొండల్లో కొండరెడ్ల దగ్గరికి, ఆ తర్వాత మా ఆదిలాబాద్ గోండుల దగ్గరికి వెళ్ళాడు. చెంచుల పుస్తకం 1943, కొండరెడ్లది 1945, రాజ్‌గోండులది 1948. నువ్వు చూసిన ఫోటోలు చాలావరకు ఆ పదేళ్ళలోవే.

జైనూరు మండలం మార్లవాయిలో గుడిసె వేసుకుని ఉన్నారు ఇద్దరూ. ఊరికే చూసి రాసుకుని పోయేవాడైతే ఇవాళ ఆయన పేరు అక్కడ ఎవరికీ గుర్తుండేది కాదు. 1943లో మార్లవాయిలో బడి, గోండు కుర్రాళ్ళకే టీచర్ ట్రైనింగ్, గోండీలో వాచకాలు (దేవనాగరి లిపిలో వేశారు). నేను పాఠం చెప్పే రోజుల్లో ఒకటో తరగతి పిల్లాడు నీళ్ళని ఏర్ అనేవాడు, ఇల్లుని రోన్ అనేవాడు, పుస్తకంలో ఏమో వేరే ఉండేది, వాడు బిత్తరపోయి నా మొహం చూసేవాడు. మన ఏరు వాళ్ళ ఏర్ ఒకటే వేరు నుంచి వచ్చిన మాటలని నాకే చాలా ఆలస్యంగా తెలిసింది. పిల్లాడి భాషలో మొదలుపెట్టాలని 1943లోనే ఆయన పట్టుబట్టాడంటే నాకు ఇప్పటికీ దండం పెట్టాలనిపిస్తుంది.

1945లో నిజాం సర్కారుకి గిరిజన సలహాదారు అయ్యాడు, ఉస్మానియాలో ప్రొఫెసర్ కూడా. సేతుమాధవరావు పగడి గారని ఇంకో ఆఫీసరు, ఆయనా గోండీ నేర్చుకున్నాడు, ఊరూరా తిరిగి గోండులకి, కొలాములకి భూమి పట్టాలు ఇప్పించిన వాళ్ళలో ఆయన పేరు తప్పకుండా చెప్పుకోవాలి. బెట్టీ గారి సంగతి కూడా ఎవరూ రాయరు. పుస్తకాల్లో సగం కష్టం ఆవిడదే. 1987 జనవరి 11న హైదరాబాద్‌లో పోయింది, ఆయన 1995లో లండన్‌లో. మార్లవాయిలో పక్కపక్కనే ఉన్నాయి రెండు సమాధులు. ఏటా జనవరి 11న ఊళ్ళో వర్ధంతి చేస్తారు. నేను వెళ్ళిన ఏడు ఒక ముసలావిడ చెప్పులు దూరంగా విడిచి వచ్చి, బెట్టీ సమాధి మీద ఎండుటాకులు చేత్తో ఊడ్చి, పక్కనే కూర్చుని గోండీలో ఏదో చెప్పుకుంటోంది. అడుగుదామనుకుని ఆగిపోయాను.

కెరమెరి పోరడు:

మాస్టారు సార్ చెప్పింది కరెక్టే కానీ ఒక ముఖ్యమైన ముచ్చట ఇడిచిపెట్టిండ్రు. నేను గోండునే, పీజీ చేస్తున్న.

హైమన్‌డార్ఫ్‌ని నిజాం ఎందుకు పిలిచిండు? 1940 సంవత్సరంల జోడేఘాట్ దగ్గర కొమురం భీం, ఆయన తోటివాళ్ళు పోలీసు కాల్పుల్ల చచ్చిపోయిండ్రు కాబట్టి. బాబిఝరి చుట్టు పన్నెండు గూడేల భూమి కోసం కొట్లాట అది. గోండులు ఎందుకు తిరగబడ్డరో కనుక్కొని చెప్పుమని ఆయనకి పని అప్పజెప్పిండ్రు. అంటే భీం నెత్తురు పడకపోతే ఆ రిపోర్టు లేదు, ఆ పట్టాలు లేవు. మా ఇండ్లల్ల ఇద్దరి ఫోటోలు పెట్టుకుంటం, కానీ ముందు భీందే. ఆశ్వయుజ పున్నం నాడు జోడేఘాట్ పోతం, జనవరిల మార్లవాయి పోతం.

నిజాం మనిషా అంటే, జీతం నిజాందే. కానీ రాసింది మాత్రం సర్కారు తప్పే. అడవిని రిజర్వ్ అని గీత గీసి గోండుల పొలాలు లోపల పడేసిండ్రని, పట్టా అంటే ఏందో తెల్వని మనిషి భూమి చదువుకున్నోడి పేరు మీదికి పోయిందని రాసిండు. కేస్లాపూర్ నాగోబా జాతరల దర్బార్ కూడ ఆ 1940లల్లనే మొదలైంది, మా గోండులల్ల మెస్రం వంశం వాళ్ళ పూజ అయినంక ఆఫీసర్లు అక్కడికే వచ్చి మా అర్జీలు ఇనాలె. ఇప్పటికీ నడుస్తుంది. తర్వాత డెబ్భైలల్ల హైమన్‌డార్ఫ్ మళ్ళొచ్చి చూసిండు, అప్పుడిచ్చిన భూములు బయటోళ్ళ చేతుల్లకి పోయినయి, అది చూసి బాధతోని 1982ల ఇంకో పుస్తకం రాసిండు. ఏజెన్సీ భూములు గిరిజనులు కానోళ్ళకి పోవద్దనే 1/70 చట్టం ఉండంగనే జరిగినయి ఇవన్ని.

మా తాత దగ్గర అప్పటి పట్టా కాయితం ఉండె. వెదురు గొట్టంల చుట్టి పెట్టి మూతికి గుడ్డ బిగించి దూలానికి కట్టిండు. వానకాలం అయినంక ఏడాదికొక్కసారి తీసి ఎండకి ఆరబెడుతుండె, మమ్మల్ని ముట్టనియ్యకపోతుండె. చదువు రాదు ఆయనకి, కాని ఏ మూలల ముద్ర ఉన్నదో కండ్లు మూసుకుని చూపిస్తుండె.

అన్నా, నువ్వు వస్తానంటే మంచిదే. కానీ ఒక మాట అడుగుత, కోపం చేసుకోకు. నాకు పదేండ్లప్పుడు ఒక టీం వచ్చింది, ఎవరో చెప్ప. మా దగ్గరి ప్రధాన్ (మా కథలు పాడేటోళ్ళు) తాత ఒకాయన ఉండె, కింగ్రి వాయించుకుంట మా పేన్‌ల, అంటే దేవుళ్ళ కథలు రాత్రంత పాడుతుండె. మూడు రాత్రులు రికార్డ్ చేసుకున్నరు. కాపీ పంపుతమన్నరు. తాత రెండేండ్లు ఎదురుచూసిండు, ఎవరన్న కొత్త మనిషి ఊళ్ళెకొస్తే నా పాట వచ్చిందా అని అడుగుతుండె. ఆయన పోయిండు. కొడుకుకి ఆ కథలు సగం కూడ రావు. ఆ పాట ఇప్పుడు ఎక్కడ ఉన్నదో మాకు తెల్వదు. నువ్వు ఏం తీసుకపోతవు, ఏం తిరిగిస్తవు, అది ముందుగాల్ల తేల్చుకొని రా.

పుస్తకాల పిచ్చి:

పై కామెంట్ రెండుసార్లు చదివాను. ఆ తాత పాట గురించి చదువుతుంటే గొంతు పట్టేసింది.

డిగ్రీ లేకుండా చేసినవాళ్ళు అంటే వెరియర్ ఎల్విన్ పేరు చెప్పాలి, మన తెలుగు ప్రాంతం కాదు గానీ నీ ప్రశ్నకి ఆయనే దగ్గర. ఆక్స్‌ఫర్డ్‌లో ఇంగ్లీష్ సాహిత్యం, మతశాస్త్రం చదివి 1927లో క్రైస్తవ ఆశ్రమం పని మీద పూణే వచ్చాడు, గాంధీగారి ప్రభావంలో పడ్డాడు, 1932లో శ్యామ్‌రావ్ హివాలే అనే స్నేహితుడితో ఇప్పటి మధ్యప్రదేశ్ వైపు మండ్లా జిల్లా కరంజియా గ్రామంలో మకాం పెట్టాడు. తర్వాత చర్చిని కూడా వదిలేశాడు. ఆంత్రోపాలజీ ఏ క్లాసులోనూ నేర్చుకోలేదు, బైగా అనే ఆదివాసుల మధ్య, గోండుల మధ్య బతికి నేర్చుకున్నాడు. బైగాల మీద ఆయన పెద్ద పుస్తకం 1939లో వచ్చింది. 1954లో భారత పౌరసత్వం తీసుకుని ఈశాన్య సరిహద్దు ప్రాంతానికి సలహాదారుగా షిల్లాంగ్‌లో ఉన్నాడు, 1964లో పోయాడు.

కానీ ఆయన జీవితంలో నాకు మింగుడుపడనిది ఒకటుంది. 1940లో కోసీ అనే గోండు అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు, ఆమె చాలా చిన్నది, ఆయనకి ముప్ఫై ఏడు. 1949లో విడాకులు. ఆయనకి తర్వాత పద్మభూషణ్ వచ్చింది, ఇంకో పెళ్ళి, పిల్లలు. కోసీ మాత్రం ముసలితనం దాకా మండ్లా వైపు పల్లెలోనే పేదరికంలో బతికి 2010లో పోయింది. ఆయన రాసినవి నేను ప్రేమగా చదువుతాను, అయినా ఆ మనిషి గురించి ఎక్కడ మాట్లాడినా కోసీ పేరు కూడా చెప్తాను, చెప్పకపోతే అన్యాయం అనిపిస్తుంది.

ఏజెన్సీ మాస్టారు:

కెరమెరి తమ్ముడు అన్నది నిజమే, భీం పేరు ముందు చెప్పాల్సింది, నాది పొరపాటు.

బాటసారీ, పని సంగతికొస్తే, జాబ్ ఇప్పుడే మానెయ్యకు. మాసాబ్‌ట్యాంక్‌లో గిరిజన సాంస్కృతిక పరిశోధన శిక్షణ సంస్థ ఉంది, ముందు అక్కడ కూర్చుని చదువు. అచ్చంపేటవాడివి కాబట్టి చెంచుల దగ్గరికే వెళ్ళడం మంచిదని నా అభిప్రాయం, కానీ అది టైగర్ రిజర్వ్, లోపలి పెంటలకి (చెంచు గూడేలకి) ఫారెస్ట్ వాళ్ళ పర్మిషన్ లేకుండా పోవద్దు, నీకు ఏమీ కాదు గానీ నీతో మాట్లాడిన పాపానికి వాళ్ళని ఇబ్బంది పెడతారు.

నల్లమల బాటసారి:

అందరికీ చాలా థాంక్స్. నిన్న అమ్మకి ఫోన్ చేసి అడిగా, తేనె తెచ్చే ఆయన పేరు ఏమైనా గుర్తుందా అని. చాలాసేపు ఆలోచించి లింగయ్య అనుకుంటా అంది, గట్టిగా తెలీదంది. వచ్చే వారం ఊరెళ్తున్నా, ముందు ఆయన ఇల్లు వెతుకుతా. సోయాస్ ఫోటోల్లో అమ్రాబాద్ వైపు చెంచులవి ప్రింట్ తీయించి తీసుకెళ్దామనుకుంటున్నా, వాళ్ళ పెద్దవాళ్ళు ఎవరైనా అందులో ఉంటే వాళ్ళకే ఇచ్చి వస్తా. జనవరిలో మార్లవాయి కూడా రావాలని ఉంది, కెరమెరి తమ్ముడూ నువ్వు ఉంటావా అక్కడ?

కెరమెరి పోరడు:

ఉంట అన్నా. ప్రింట్లు తీపిస్తే మార్లవాయియి కూడ తీపియ్యి, పెద్ద సైజుల, ముసలోళ్ళకి చిన్నగ కనబడది. జైనూరుకి పొద్దుగాల్ల బస్సుకే రా, దిగినంక మెసేజ్ చెయ్యి, నేను బండి మీద వచ్చి తీసుకపోత.