పేరున్న డిజైనర్లు తమ సొంత ఇళ్లను ఎలా అమర్చుకున్నారు?

ప్రశ్న

కొత్తగా కొన్న మా ఫ్లాటుకు ఇంటీరియర్ పని చేయించడానికి ముగ్గురు కాంట్రాక్టర్లను పిలిస్తే, ముగ్గురూ దాదాపు ఒకే నమూనా చూపించారు: హాలంతా ఫాల్స్ సీలింగ్, అందులో వరుసగా స్పాట్ లైట్లు, ఒక్క వస్తువూ బయటికి కనబడకుండా నేల నుంచి కప్పు దాకా అల్మారాలు. ఇతరుల ఇళ్లు తీర్చిదిద్ది పేరు తెచ్చుకున్నవారు తాము కాపురమున్న ఇళ్లను కూడా ఇంత నున్నగా, ఖాళీగా ఉంచుకున్నారా? తెలిసినవారు వివరించగలరు.

జవాబు 1

అమెరికన్ డిజైనర్లు చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ దంపతులు కాలిఫోర్నియాలోని పసిఫిక్ పాలిసేడ్స్‌లో 1949లో కట్టుకున్న ఇంటి ఫొటోలు చూడండి. ఫ్యాక్టరీ నుంచి సిద్ధంగా వచ్చిన ఉక్కు చట్రాలతో, గాజు పలకలతో నిలబెట్టిన ఆ ఇల్లు బయటికి ఎంత పొదుపుగా కనిపిస్తుందో, లోపల అంత నిండుగా ఉంటుంది. 17 అడుగుల ఎత్తున్న హాలులో తివాచీలు, దిండ్లు, పుస్తకాలు, గవ్వలు, గులకరాళ్లు, దేశదేశాల జానపద బొమ్మలు కొలువుదీరి ఉంటాయి. ఎక్కడో ఎడారి దారిలో దొరికిన ఎండు ముళ్లపొదను సైతం కప్పు నుంచి వేలాడదీశారు. ఇదంతా చూసి ఆ ఇల్లు చిందరవందరగా ఉంటుందనుకోకండి, ఏ వస్తువు పక్కన ఏది ఉండాలో ఎంతో శ్రద్ధగా ఎంచి పెట్టినట్టు తెలుస్తూనే ఉంటుంది. 1958లో మన దేశానికి వచ్చి, అహ్మదాబాద్ ఎన్‌ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) స్థాపనకు దారితీసిన నివేదిక రాసింది కూడా ఈ దంపతులే. ఇక్కడ తాము చూసిన వస్తువులన్నిటిలోకీ నీళ్ల చెంబే గొప్పదని అందులో మెచ్చుకున్నారు. అటువంటివారు తమ బొమ్మలను అల్మారాలో పెట్టి తలుపు వేసుకుంటారా?

జవాబు 2

పై జవాబుతో ఏకీభవిస్తాను గాని, ఇంటిని ఖాళీగా ఉంచుకున్న మహానుభావులూ లేకపోలేదు. మెక్సికో నగరంలోని తకుబాయాలో ఆర్కిటెక్ట్ లూయిస్ బర్రగాన్ 1948లో కట్టుకుని, 1988లో మరణించేదాకా నివసించిన ఇల్లు వీధి వైపు నుంచి ఒట్టి బోడి గోడలా ఉంటుంది. లోపలి గదుల్లో సామాను తక్కువే, అయినా వెలితి అనిపించదు, ఎందుకంటే ఆయన అలంకరణ అంతా వెలుతురుతోనే సాగింది. మెట్ల దగ్గర గోడకు ఒక బంగారు రేకు పలకను అమర్చి, పైనుంచి పడే వెలుగు దానికి తగిలి హాలంతా పరుచుకునేలా చేశారు. రాత్రిళ్లు కప్పు దీపాలకు బదులు బల్లల మీద, నేల మీద పెట్టే దీపాలనే వాడేవారు. మీ కాంట్రాక్టర్ల స్పాట్ లైట్లకు నాకు తోచిన సమాధానం ఇదే. అయితే ఆయన బ్రహ్మచారి. ఆయన పుస్తకాల గదిలోనుంచి మేడమీదికి పోయే చెక్క మెట్లకు పిట్టగోడ కాదు కదా, చేతిపట్టీ అయినా లేదు. పిల్లలున్న ఇంటికి అది పనికిరాదు.

జవాబు 3

అంత దూరం పోనవసరం లేకుండా తిరువనంతపురంలో ఆర్కిటెక్ట్ లారీ బేకర్ ఇల్లు ఉంది. రాతి వాలును చదును చేయకుండా దాని ఒంపును బట్టే గదులు కట్టుకుంటూ పోయారు, పాత ఇళ్ల కలపను మళ్లీ వాడుకున్నారు.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. హాలులో ఫాల్స్ సీలింగ్ మానుకుని, నేల దీపాల కోసం గోడల అడుగున అదనంగా ప్లగ్ పాయింట్లు పెట్టించాలనుకుంటున్నాను. ఆ పని రంగులు వేయకముందే చేయించాలా?

జవాబు 2 రాసినవారు

తప్పకుండా ముందే చేయించండి. వైరు కోసం గోడను చెక్కవలసి వస్తుంది కనుక, సోఫా, మంచాలు ఎక్కడ వస్తాయో నేల మీద సుద్దతో గీసి చూపించిన తరువాతే ఎలక్ట్రీషియన్‌ను పని మొదలుపెట్టనివ్వండి.