జర్మనీలో ఆడే కుర్రాడు ఎన్‌బీఏ డ్రాఫ్ట్ నుంచి పేరు వెనక్కి తీసుకోవాలంటే గడువు ఎప్పుడు?

మేనమామ: మధ్యాహ్నం నుంచి ఇదే పని, తల పగిలిపోతోంది. మా మేనల్లుడు జర్మనీలో పుట్టి పెరిగాడు, అక్కడే ప్రొ-ఏ లీగ్‌లో (రెండో అంచె) బాస్కెట్‌బాల్ ఆడుతున్నాడు. ఈ ఏడాది 21 నిండుతాయి. డ్రాఫ్ట్‌కి (ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమానికి) పేరు ఇచ్చి, ఏ జట్టూ ఆసక్తి చూపకపోతే వెనక్కి తీసుకుందామని. ఒకచోట కాంబైన్ (డ్రాఫ్ట్‌కి ముందు ఆటగాళ్లను పరీక్షించే శిబిరం) అయ్యాక 10 రోజులంటారు, ఇంకోచోట డ్రాఫ్ట్‌కి 10 రోజుల ముందంటారు. ఏది నమ్మాలి?

పిక్ఎన్‌రోల్: రెండోది. మొదటిది అమెరికా కాలేజీల్లో ఆడేవాళ్లకి.

క్యాప్‌షీట్: వివరంగా చెబుతాను. విదేశీ ఆటగాడు డ్రాఫ్ట్‌కి 60 రోజుల ముందే పేరు ఇవ్వాలి. 10 రోజుల ముందు, న్యూయార్క్ టైము సాయంత్రం 5 లోపు ఉపసంహరణ లేఖ లీగ్‌కి చేరాలి. జర్మనీలో అప్పుడు రాత్రి 11. పంపితే చాలదు, అందాలి. 22 నిండే ఏడాది అయితే పేరు ఇవ్వకపోయినా డ్రాఫ్ట్‌లో ఉన్నట్టే.

నికరం: అసలు వెళ్లడం లాభమేనా అన్నది ముందు లెక్క వేయండి. యూరప్‌లో జీతం సాధారణంగా నెట్‌లో, అంటే పన్ను పోను చేతికొచ్చే మొత్తంలో, మాట్లాడతారు, పన్ను క్లబ్బు కడుతుంది. ఎన్‌బీఏది గ్రాస్, పన్ను ఆటగాడే కట్టుకోవాలి. ఫెడరల్ పన్ను పై శ్లాబు 37 శాతం, కాలిఫోర్నియా అయితే రాష్ట్రపు పన్ను అదనం, టెక్సస్‌లో అది లేదు. ఎస్క్రో కింద, అంటే లీగ్ ఆదాయం లెక్కలు తేలేదాకా, 10 శాతం ఆపుతారు, ఏజెంటుకి 4 శాతం దాకా. టూ-వే కాంట్రాక్టు (ఎన్‌బీఏలో, దాని కింది జీ లీగ్‌లో రెండింటా ఆడేది) అయితే జీతం కొత్త ఆటగాడి కనీస జీతంలో సగం, ఎన్‌బీఏ మ్యాచ్‌లు 50కి మించవు. బల్గేరియా ఆటగాడు వెజెంకోవ్ 2023లో యూరోలీగ్ ఎంవీపీగా (ఉత్తమ ఆటగాడిగా) ఎన్‌బీఏ జట్టు శాక్రమెంటోకి వెళ్లి, 2024లో గ్రీస్ క్లబ్బు ఒలింపియాకోస్‌కి తిరిగొచ్చేశాడు.

పిక్ఎన్‌రోల్: అడిగింది గడువు గురించి.

మేనమామ: నికరం గారూ, జీతం సంగతి తర్వాత. కాంట్రాక్టులో బయౌట్ ఉందంటున్నారు, అంటే వెళ్లొచ్చనేగా?

నికరం: ఎన్‌బీఏ-అవుట్, బయౌట్ రెండూ ఒకటే కదా.

క్యాప్‌షీట్: కాదండీ. బయౌట్ అంటే వదిలేయడానికి క్లబ్బు అడిగే రేటు. అవుట్ అంటే ఫలానా తేదీలోపు చెబితే వెళ్లే హక్కు. ఆ తేదీ దాటితే డబ్బు చేతిలో ఉన్నా క్లబ్బు ఒప్పుకోవాల్సిందే. బయౌట్‌లో ఎన్‌బీఏ జట్టు ఒక పరిమితి వరకే విడిగా కట్టగలదు, ఆపైది ఆటగాడి జీతంలోంచి పోతుంది. చివర్లో జర్మన్ బాస్కెట్‌బాల్ సమాఖ్య నుంచి, అభ్యంతరం లేదని, క్లియరెన్స్ లేఖ కావాలి. ఇంతకీ స్కూలు ఎక్కడ చదివాడు?

మేనమామ: చివరి రెండేళ్లు ఫ్లోరిడా. 2023లో అక్కడే పన్నెండో తరగతి అయిపోయింది, కాలేజీలో చేరలేదు. ఆ సెప్టెంబరు నుంచే జర్మనీలో ప్రొఫెషనల్ కాంట్రాక్టు. దానికీ దీనికీ ఏంటి సంబంధం?

క్యాప్‌షీట్: మొత్తం మారిపోయింది. హైస్కూలు అమెరికాలో పూర్తి చేస్తే పుట్టింది ఎక్కడైనా డ్రాఫ్ట్ నిబంధనల్లో విదేశీ ఆటగాడు కాడు. అలాంటివాడు ఎన్‌బీఏ బయటి ప్రొఫెషనల్ జట్టుతో సంతకం చేసి ఆడితే, 19 ఏళ్ల నిబంధన, స్కూలు తర్వాత ఒక సీజన్ గడిచిన నిబంధన తీరగానే దానంతట అదే అర్హత వచ్చేస్తుంది. అమెరికా ఆటగాడు లామెలో బాల్ ఆస్ట్రేలియాలో ఆడి 2020 డ్రాఫ్ట్‌కి వచ్చింది అలాగే. మీవాడి వంతు 2024లోనే అయిపోయినట్టు. ఎవరూ తీసుకోలేదు కాబట్టి ఇప్పుడు ఫ్రీ ఏజెంట్, అంటే ఏ ఎన్‌బీఏ జట్టుకీ అతని మీద హక్కు లేదు. ఇచ్చే పేరూ లేదు, వెనక్కి తీసుకునేదీ లేదు. జర్మన్ క్లబ్బు వదిలితే ఏ ఎన్‌బీఏ జట్టుతోనైనా సంతకం చేయొచ్చు.

నికరం: అయితే ఎగ్జిబిట్ 10 కాంట్రాక్టు (శిక్షణ శిబిరానికి పిలిచే కనీస జీతపు ఒప్పందం) అడగండి, దాని బోనస్ మీద పన్ను...

పిక్ఎన్‌రోల్: ఏజెంటుకి ఎన్‌బీఏ ఆటగాళ్ల సంఘం సర్టిఫికేషన్ ఉందా? ఫీబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) లైసెన్సు ఒక్కటే ఎన్‌బీఏకి చాలదు.

క్యాప్‌షీట్: అది ముఖ్యం. ఉంటే ఆయన ద్వారానే అర్హత స్థితిని లీగ్ నుంచి రాతలో తెప్పించండి. ఈలోపు కాంట్రాక్టులో అవుట్ తేదీ ఉందో లేదో చూసి ఇక్కడ పెట్టండి.

మేనమామ: థాంక్సండీ. కాంట్రాక్టు జర్మన్‌లో ఉంది, వాణ్ణే అడిగి చెబుతా.